కాలిన్ కౌంటీలో నాలుగెకరాలు కొనొచ్చా? తూచి చూసుకునే పద్ధతి

డాలస్ చుట్టుపక్కల స్థిరపడ్డ తెలుగువాళ్ల నోట ఈ మధ్య ఒక కోరిక తరచూ వినిపిస్తోంది. ఫ్రిస్కోలోనో ప్లేనోలోనో ఇల్లుంది, ఉద్యోగం కుదురుగానే ఉంది, పెరట్లో గోంగూరా బెండా కాస్తున్నాయి. ఇక నాలుగెకరాలు, పది కోళ్లు, రెండు మేకలు, ఒక చిన్న కుంట కూడా ఉంటే బాగుండునని. హోమ్‌స్టెడింగ్ అని అమెరికన్లు పిలుచుకునే ఈ బతుకు కోసం మామూలుగా జనం పలచగా ఉన్న కౌంటీలు వెతుక్కుంటారు. మనవాళ్లు ఆఫీసు, గుడి, పిల్లల బడి వదల్లేక కాలిన్ కౌంటీలోనే వెతుకుతారు. 2010లో 7 లక్షల 82 వేలున్న ఈ కౌంటీ జనాభా 2020 నాటికి 10 లక్షల 64 వేలు దాటింది. అలాంటి చోట ఇది అయ్యే పనేనా?

కొందరికి అవుతుంది. కాకపోతే పల్లె కౌంటీలో భూమి చూసే వరస ఇక్కడ పనికిరాదు. అక్కడ ముందు నేల, నీళ్లు చూసి తర్వాత కాగితాల దగ్గరికి వెళ్తారు. ఊరు మీదికి వస్తున్న కౌంటీలో కాగితాలు, పన్ను, పక్కవాళ్ల ప్లాన్లు ముందు చూసి, ఆ జల్లెడలో నిలిచిన స్థలానికే బూట్లు వేసుకుని వెళ్లాలి. ఈ వ్యాసంలోనూ ఆ వరసే.

1. మీకు కావాల్సింది ఎకరాల్లో రాసుకోండి

"కొంచెం వ్యవసాయం" అంటే రియల్టర్ మీకు ఏదైనా అంటగడతాడు. కూరగాయలు, నాలుగైదు పండ్ల చెట్లు, డజను కోళ్లు అయితే ఎకరం చాలు, నిజానికి యాభై సెంట్లలో కూడా సర్దుకోవచ్చు. మేకలు కావాలంటే మేత మార్చి మార్చి తిప్పడానికి మూడు నుంచి ఐదు ఎకరాలు ఉంటే సుఖం. ఆవు కావాలంటే ఒక్క ఆవుకే కొన్ని ఎకరాల పచ్చిక కావాలి, పైగా ఎండు గడ్డి కొనాలి. ఆవు కోరిక ఉన్నవాళ్లకు ఈ కౌంటీ నేను చెప్పను. భూమి ధర పాల ధరతో ఏ జన్మకీ సరిపోదు.

రెండో ప్రశ్న వీసా. హెచ్1బీ మీద ఉన్నా భూమి కొనుక్కోవచ్చు, ఇంటి మటుకు పండించుకోవచ్చు. గుడ్లు, కూరగాయలు, పచ్చళ్లు అమ్మడం మొదలుపెడితే అది అనుమతి లేని పని కిందకు రావచ్చు. అమ్మకం మీ ప్లాన్‌లో ఉంటే ముందు ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగండి. గ్రీన్ కార్డు చేతికొచ్చినవాళ్లకు ఈ టెన్షన్ లేదు. వాళ్లు టెక్సస్ కాటేజ్ ఫుడ్ చట్టం కింద ఇంటి వంటగదిలో పెట్టిన ఆవకాయను కూడా షరతుల ప్రకారం అమ్ముకోవచ్చు. చికెన్ పచ్చడి, రొయ్యల పచ్చడికి మాత్రం ఆ చట్టం వర్తించదు.

2. కౌంటీని ముక్కలుగా చూడండి

కాలిన్ అంతా ఒకటి కాదు. ప్లేనో, అలెన్, ఫ్రిస్కో వైపు ఎకరాల కథ ముగిసింది. లూకస్, పార్కర్, ఫెయిర్‌వ్యూ పెద్ద పెద్ద స్థలాలున్న ఊళ్లు. గుర్రాలు, మేకలు కనిపిస్తాయి, ఆఫీసులూ దగ్గరే, ధర మాత్రం ఆ దగ్గరతనానికి తగ్గట్టే ఉంటుంది. ఇక మిగిలింది ఈశాన్యం, తూర్పు: బ్లూ రిడ్జ్, ఫార్మర్స్‌విల్, వెస్ట్‌మిన్‌స్టర్, నెవాడా, జోసెఫిన్. ఇక్కడ ఇంకా ట్రాక్టర్లు తిరుగుతున్నాయి.

"ఇంకా" అన్నమాటని గట్టిగా పట్టించుకోండి. 2022–23లో అమెరికా మొత్తంలో అతి వేగంగా పెరిగిన నగరం సెలీనా. 2023–24లో ఆ స్థానం ప్రిన్స్‌టన్‌ది, ఒక్క ఏడాదిలో 30 శాతం పైగా. రెండూ కాలిన్ కౌంటీలోవే. రోడ్లు, నీళ్లు తట్టుకోలేక ప్రిన్స్‌టన్ 2024లో కొత్త ఇళ్ల అభివృద్ధికి తాత్కాలికంగా బ్రేకు వేసింది. ఈ రెండు ఊళ్లనుంచి పది మైళ్ల లోపు స్థలం చూస్తుంటే, ఈ రోజు కిటికీలోంచి కనిపించే జొన్న చేను మీది కాదు కాబట్టి దానికి ధర కట్టకండి.

3. ఎవరి రూల్స్ కింద ఉన్నారో తేల్చుకోండి

టెక్సస్‌లో కౌంటీలకు మామూలుగా జోనింగ్ అధికారం లేదు. ఆ అధికారం నగరాలది. అందుకే స్థలం నగర పరిధిలో ఉందా, నగరం హద్దు బయట ఆ నగరానికి కొంత అధికారం ఉండే ఈటీజే అనే పట్టీలో ఉందా, ఏ నగరానికీ చెందని కౌంటీ భూమా అన్నది మొదట తేలాలి. నగరంలో అయితే ఎన్ని కోళ్లు, పుంజు ఉండొచ్చా, కంచె ఎంత ఎత్తు, షెడ్డు ఎంత దూరంలో అన్నీ వాళ్ల ఆర్డినెన్స్‌లో ఉంటాయి. ఒక ఊళ్లో చెల్లింది పక్క ఊళ్లో చెల్లదు. ఈటీజేలో ప్లాటింగ్ లాంటివి నగరం చూస్తుంది, జోనింగ్ ఉండదు. 2023లో వచ్చిన చట్టంతో ఈటీజే నుంచి బయటపడటానికి భూయజమానులే పిటిషన్ పెట్టుకునే వీలు కలిగింది. 2019 నుంచి భూయజమానుల లేదా ఓటర్ల సమ్మతి లేకుండా నగరాలు భూమిని కలిపేసుకోవడం కూడా దాదాపు ఆగిపోయింది. కాబట్టి "రేపు సిటీ మింగేస్తుంది" అన్న పాత భయం ఇప్పుడు అంతగా అక్కర్లేదు.

అసలు దెబ్బ డీడ్ రిస్ట్రిక్షన్ల దగ్గర తగులుతుంది. కౌంటీ భూమి, జోనింగ్ లేదు అని సంబరపడి కొంటారు. ఏళ్ల కిందట ఆ భూమిని ఐదేసి ఎకరాలుగా కోసి అమ్మినవాడు పందులు వద్దు, కోళ్లు వద్దు, మొబైల్ హోమ్ వద్దు అని పత్రంలో రాసి ఉంటాడు. అది భూమితో పాటే మీకూ వస్తుంది. భూమి హక్కు పత్రాలు పరిశీలించే టైటిల్ కంపెనీ ఇచ్చే కమిట్‌మెంట్‌లో షెడ్యూల్ బీ అనే భాగం ఉంటుంది, అందులోని ప్రతి పత్రాన్నీ తెప్పించుకుని మీరే చదవండి. పైప్‌లైన్, కరెంటు లైన్ ఈజ్‌మెంట్లు, అంటే మీ భూమి మీద వాళ్లకున్న వాడుక హక్కులు కూడా అక్కడే బయటపడతాయి. నాలుగెకరాల్లో ఎకరం హైటెన్షన్ తీగల కింద ఉంటే మీకున్నది మూడే.

4. పన్ను లెక్క కాగితం మీద వేయండి

ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు, బదులుగా ఆస్తి పన్ను బరువు. బడి, కౌంటీ, నగరం, కాలేజీ కలిపి రేటు ఊరిని బట్టి సుమారు 2 శాతం అటూ ఇటూ ఉంటుంది. మడ్ అనే యుటిలిటీ జిల్లా కూడా తోడైతే ఇంకా పెరుగుతుంది. మీరు నివసించే ఇంటికి హోమ్‌స్టెడ్ ఎగ్జెంప్షన్ ఉంది. బడి పన్ను వరకు ఇంటి విలువలో 1,40,000 డాలర్లు తీసేసి లెక్క కడతారు, పన్ను వేసే విలువ ఏడాదికి 10 శాతానికి మించి పెరగకుండా కట్టడి కూడా ఉంది. పౌరసత్వంతో పని లేదు, ఆ అడ్రసుతో టెక్సస్ డ్రైవింగ్ లైసెన్స్ ఉండాలి.

ఎకరాల విషయానికొస్తే అందరూ చెప్పే మాట యాగ్ (అగ్రికల్చర్) ఎగ్జెంప్షన్. సాగులో ఉన్న భూమిని మార్కెట్ ధరతో కాక, అది పండించే దాన్ని బట్టి ఎకరాకు కొన్ని వందల డాలర్లుగా లెక్కగడతారు. ఉదాహరణకు పది ఎకరాల మార్కెట్ విలువ 10 లక్షల డాలర్లు, రేటు 1.8 శాతం అనుకోండి. మామూలుగా ఏడాదికి 18,000 డాలర్లు. ఎకరం 200 డాలర్ల చొప్పున యాగ్ లెక్కలో 36 డాలర్లు. పొరపాటు చదవలేదు, ముప్పై ఆరే. ఈ తేడాయే కాలిన్‌లో హోమ్‌స్టెడింగ్ నిలుస్తుందా లేదా అన్నది తేలుస్తుంది.

అది మీకు వస్తుందా? గత ఏడేళ్లలో కనీసం ఐదేళ్లు ఆ భూమి సాగులోనో మేతలోనో ఉండాలి. నగర పరిధిలో అయితే షరతులు ఇంకా గట్టి. పాతాయనకు ఉంది కదా అని మీకు దానంతటదే రాదు, పేరు మారగానే కొత్తగా అర్జీ పెట్టాలి. కనీసం ఎన్ని ఎకరాలు, ఎన్ని పశువులు అన్నది పన్ను కోసం ఆస్తుల విలువ కట్టే కాలిన్ అప్రైజల్ డిస్ట్రిక్ట్ తన మార్గదర్శకాల్లో పెడుతుంది. వాటిని వాళ్ల సైటులో చదివి, ఫోన్ చేసి కూడా అడగండి. రెండు మూడు ఎకరాల్లో నాలుగు మేకలు కట్టేసి యాగ్ వస్తుందని లెక్క వేయకండి. చిన్న స్థలాలకు ఒక దారి తేనెటీగలు. రాష్ట్ర చట్టం 5 నుంచి 20 ఎకరాల వరకు తేనెటీగల పెంపకాన్ని వ్యవసాయంగానే ఒప్పుకుంటుంది. ఆఫీసు ఉద్యోగం చేస్తూ చూసుకోవడానికి పశువులకన్నా అదే తేలిక.

ఇక రోల్‌బ్యాక్. యాగ్ భూమిని వేరే వాడకానికి మార్చిన రోజున, గడిచిన మూడేళ్లలో మిగుల్చుకున్న పన్నంతా ఒకేసారి కట్టాలి. పై ఉదాహరణలో దాదాపు 54,000 డాలర్లు. మీరు ఎకరంలో ఇల్లు, ముంగిలి పెడితే ఆ ఎకరం మటుకు రోల్‌బ్యాక్ పడవచ్చు. అమ్మేవాడు అమ్మకానికి ముందే భూమిని వేరే వాడకానికి మార్చి ఉంటే? ఆ బిల్లు భూమిని పట్టుకుని వస్తుంది కాబట్టి మీ చేతికి రావచ్చు. అది ఎవరు కట్టాలో కాంట్రాక్టులో రాయించండి, నోటి మాట చెల్లదు.

5. పక్కన ఏం రాబోతోందో కనుక్కోండి

అప్రైజల్ డిస్ట్రిక్ట్ మ్యాప్ తెరిచి మీ స్థలం చుట్టూ ఉన్న ప్రతి పార్సెల్ మీద నొక్కండి. యజమాని పేరు వస్తుంది. మనిషి పేరు, అదే అడ్రసు ఉంటే రైతు. చివర ఎల్‌ఎల్‌సీ, ఎల్‌పీ అని కంపెనీ గుర్తు ఉండి చిరునామా డాలస్ ఆఫీసు టవర్‌లో ఉంటే అక్కడ గడ్డి కోస్తున్నది యాగ్ నిలుపుకోవడానికే, కొన్నేళ్లలో నాలుగు వందల ఇళ్లు లేస్తాయి. తర్వాత టెక్సస్ రోడ్ల శాఖ 380 హైవేకి గీసిన బైపాస్ గీత, కౌంటీ ఔటర్ లూప్ గీత మీ స్థలానికి ఎంత దూరమో చూడండి. పక్కన లేఅవుట్ రావడం వల్ల కోడి కూతకు ఫిర్యాదులు రావడం చిన్న సంగతి. ఏడాది దాటి నడుస్తున్న సాగుకు రాష్ట్ర చట్టం రక్ష ఉంది, 2023లో వ్యవసాయ హక్కును రాజ్యాంగ సవరణగా కూడా ఓటర్లు ఒప్పుకున్నారు. పెద్ద సంగతి వాన నీళ్లది. పైన కాంక్రీటు పరిచాక నీళ్లన్నీ పల్లంలో ఉన్న మీ కుంటలోకి, కోళ్ల గూటిలోకి వస్తాయి. కేంద్ర విపత్తుల సంస్థ ఫీమా వరద మ్యాపు ఇవాళ్టి సంగతే చెబుతుంది, ఎదురు మిట్ట మీద రేపు రాబోయే పైకప్పుల సంగతి చెప్పదు. వీలైతే మిట్ట స్థలమే కొనండి.

6. నీళ్లు, మురుగు

బోరు మీద ఆశ పెట్టుకోకండి. ఇక్కడి భూగర్భ జలం ట్రినిటీ, వుడ్‌బైన్ పొరల్లో వందల అడుగుల లోతున ఉంటుంది, కొన్ని చోట్ల వెయ్యి దాటుతుంది. నార్త్ టెక్సస్ గ్రౌండ్‌వాటర్ కన్జర్వేషన్ డిస్ట్రిక్ట్‌లో నమోదు కూడా చేయాలి. అంత ఖర్చు పెట్టాక వచ్చిన నీళ్లలో ఉప్పు ఉంటే మొక్కలకు పనికిరావు. తూర్పు వైపు చాలా ఇళ్లకు గ్రామీణ నీటి సరఫరా సంస్థల కుళాయి ఉంటుంది. ఆ స్థలానికి మీటరు ఇప్పటికే ఉందా, లేకపోతే కొత్తది ఇస్తారా, ఎంతకి అని సంస్థను రాతపూర్వకంగా అడగండి. రోడ్డు పక్కనే పైపు వెళ్తోంది కదా అన్నది జవాబు కాదు.

వాన నీళ్లు మాత్రం లెక్కలోకి తీసుకోదగ్గవి. ఏడాదికి సుమారు 40 అంగుళాలు పడతాయి. వెయ్యి చదరపు అడుగుల కప్పు మీద అంగుళం వానకు 600 గ్యాలన్ల పైనే వస్తుంది. రెండు వేల అడుగుల షెడ్డుకు ఏడాదికి 40 వేల గ్యాలన్లు పట్టుకోవచ్చు. ట్యాంకులు, గొట్టాలకు టెక్సస్‌లో సేల్స్ ట్యాక్స్ కూడా లేదు.

సెప్టిక్ విషయంలో ఒక్క సంగతి చాలు. ఈ బంకమట్టిలో నీరు ఇంకదు, అందుకని చాలా చోట్ల మురుగును శుద్ధి చేసి స్ప్రింక్లర్లతో చిమ్మే ఏరోబిక్ సిస్టమ్ పెట్టాల్సి వస్తుంది. ఆ చిమ్మే జాగాలో కూరగాయలు వేయకూడదు. ఎకరం స్థలంలో అది గణనీయమైన ముక్క, మీ తోట ప్లాన్ గీసే ముందే తీసేయండి.

7. ఇప్పుడు నేల మీదికి

మన రేగడి భూమి ఎరిగినవాళ్లకు ఇక్కడి నేల పరిచయం చేయనక్కర్లేదు. బ్లాక్‌ల్యాండ్ ప్రైరీ అనే ఈ నల్లమట్టి పట్టీ ఒకప్పుడు పత్తికి పేరు. టెక్సస్ రాష్ట్ర మట్టిగా ఎంచిన హ్యూస్టన్ బ్లాక్ కూడా ఇక్కడిదే. గుంటూరు, ఆదిలాబాద్ రేగడిలాగే ఎండకు నెర్రెలు విచ్చుతుంది, వానకు ఉబ్బుతుంది. ఆగస్టులో వెళ్తే నెర్రెలో చెయ్యి దూరుతుంది. పాత ఇల్లున్న స్థలమైతే పునాది, తలుపుల వంకర, గోడల పగుళ్లు చూడండి.

వాన పడ్డ మర్నాడు ఒక పార, బకెట్ నీళ్లు పట్టుకుని వెళ్లండి. మోకాలి లోతు గుంట తవ్వండి. పారకు అంటిన మట్టిని వేళ్లతోనే గీకాల్సి వస్తే రేగడే. అడుగు లోపలే తెల్లటి సుద్దరాయి ఖణేల్‌మంటే అది ఆస్టిన్ చాక్, మెకిన్నీ చుట్టుపక్కల ఇది పైకే ఉంటుంది. అక్కడ చెట్లకు వేరు దిగదు. గుంటను నీళ్లతో నింపి, ఇంకిపోయాక మళ్లీ నింపి, మర్నాటికి ఎంత మిగిలిందో చూడండి. ఇంకకుండా నిలిచి ఉంటే కూరగాయలకు ఎత్తు మడులే గతి. వెళ్లే ముందు యూఎస్‌డీఏ వెబ్ సాయిల్ సర్వేలో మీ పార్సెల్ గీసుకుంటే ఏ మట్టి ఎంత లోతో ముందే తెలుస్తుంది. మట్టి నమూనా టెక్సస్ ఏ అండ్ ఎమ్ ల్యాబ్‌కు పంపండి. క్షార గుణం ఎక్కువ, సున్నం ఎక్కువ అనే వస్తుంది. అందుకే బ్లూబెర్రీ మర్చిపోండి. అంజూర, దానిమ్మ, రేగు, పెకాన్ మీద దృష్టి పెట్టండి. పాత పత్తి చేలలో కాటన్ రూట్ రాట్ అనే వేరుకుళ్లు మట్టిలోనే ఉండిపోతుంది, పచ్చగా ఉన్న చెట్టు ఎండాకాలంలో ఉన్నట్టుండి వాడిపోతుంది. మందు వెతకడం కంటే, చెట్లు ఎక్కడ చచ్చాయో పక్క రైతును అడిగి అక్కడ నాటకపోవడం మేలు.

వాతావరణం మన కూరగాయలకు బాగానే కలిసొస్తుంది. చివరి మంచు మార్చి రెండో సగంలో, మొదటి మంచు నవంబరు మధ్యకు అటూ ఇటూ. టమాటా జూలై ఎండకు పూత రాల్చేస్తుంది, గోంగూర, బెండ, అలసంద, దోస మాత్రం ఆ ఎండలోనే విజృంభిస్తాయి. మునగ చలికి పైన చచ్చి, మొదలు దగ్గర కప్పి కాపాడితే వేరు నుంచి మళ్లీ లేస్తుంది. మామిడి, జామ ఆశ పెట్టుకోకండి. 2021 ఫిబ్రవరిలో డాలస్ విమానాశ్రయంలో మైనస్ 19 డిగ్రీల సెల్సియస్‌కు పడింది, కరెంటూ పోయింది. అలాంటి రాత్రి కోళ్ల నీళ్లు గడ్డకట్టకుండా ఏం చేస్తారో మీ దగ్గర జవాబు ఉండాలి. కరివేపాకు కుండీలోనే పెంచి చలికాలం లోపలికి తెచ్చుకోవాలి. నిమ్మజాతి చీడను మోసే మొక్క కాబట్టి వేరే రాష్ట్రాల నుంచి తెప్పించడానికి క్వారంటైన్ నిబంధనలు అడ్డొస్తాయి, టెక్సస్‌లోనే లైసెన్సున్న నర్సరీలో కొనండి.

8. పశువులు కట్టే ముందు

స్థలంలో తిరిగేటప్పుడు జాన్సన్ గ్రాస్ ఉందేమో చూడండి. ఆకు మధ్య తెల్ల ఈనె, జొన్న మొక్కలాగే ఉంటుంది, నిజానికి జొన్న చుట్టమే. జొన్న నాము తిని పశువులు పడిపోవడం మన ఊళ్లలో పెద్దవాళ్లకు తెలుసు. ఇదీ అంతే: కరువులో, మంచు పడ్డాక, కోశాక వచ్చే లేత పిలకల్లో సైనైడ్ విషం చేరుతుంది. అది ఉన్నంత మాత్రాన స్థలం వదులుకోనక్కర్లేదు, మేకల్ని ఎప్పుడు తోలకూడదో తెలిస్తే చాలు. నిప్పు చీమలు అంతటా ఉంటాయి. నక్కజాతి కొయోటీలు ఊరు పెరిగినా తగ్గలేదు, కోళ్ల గూటికి చికెన్ వైర్ కాక హార్డ్‌వేర్ క్లాత్ అనే గట్టి ఇనుప జాలీ కొట్టించండి. మేకల వైద్యం చేసే వెటర్నరీ డాక్టర్ ఎంత దూరంలో ఉన్నారో కొనక ముందే ఫోన్ చేయండి, కుక్కల డాక్టర్లు వీధికొకరు ఉన్నారు గానీ మేకను చూసేవాళ్లు తక్కువ. మీ ఇంటి మటుకు మేకను కోసుకోవచ్చు. మాంసం అమ్మాలంటే ప్రభుత్వ తనిఖీ ఉన్న కబేళా కావాలి.

9. నిర్ణయం, ఆ తర్వాత సంతకం

నా లెక్క ఇది. ఆఫీసుకు వారంలో మూడు నాలుగు రోజులు వెళ్లాలి, కావాల్సింది కూరలు, కోళ్లు, పండ్లు అయితే కాలిన్‌లో ఒకటి రెండు ఎకరాలు మంచి పనే. యాగ్ రాదని ఒప్పుకుని, పూర్తి పన్ను కడుతూ, ఇల్లు కొన్నట్టు కొనండి. ఐదు నుంచి పది ఎకరాలు, యాగ్ ఇప్పటికే ఉన్నది దొరికి, తేనెటీగలకు సిద్ధపడితే అదీ నిలుస్తుంది, పదేళ్ల తర్వాత చుట్టూ ఊరు వచ్చినా అమ్ముకోవడానికి ధర ఉంటుంది. పశువులు, పెద్ద మేత, ప్రశాంతత కావాలంటే ఫానిన్, హంట్ కౌంటీల వైపు వెళ్లండి. గ్రేసన్ కూడా అందరూ చెబుతారు గానీ షెర్మన్‌లో టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ చిప్ ఫ్యాక్టరీలు పెట్టాక అక్కడా ఇదే కథ మొదలైంది. ఫానిన్‌లో కొత్త బోయిస్ డార్క్ సరస్సు చుట్టూ కూడా కన్నేసి ఉంచాలి. మరీ కుర్రాళ్లయి, ఉద్యోగం ఎటు తిప్పుతుందో తెలియకపోతే కొనకండి. తూర్పు వైపు ఎవరి పచ్చికలోనైనా అర ఎకరం కౌలుకు అడిగి రెండు పంటకాలాలు పండించి చూడండి.

కొనే పక్షంలో కాంట్రాక్టులో ఆప్షన్ పీరియడ్ పెట్టించండి. కొద్ది రుసుముతో, అనుకున్న రోజుల్లోపు కారణం చెప్పకుండా వెనక్కి తగ్గే హక్కు అది. డీడ్ పత్రాలు చదవడం, గుంట తవ్వడం, సెప్టిక్ మనిషిని పిలవడం, నీటి సంస్థ ఉత్తరం, సర్వే అన్నీ ఆ రోజుల్లోనే అయిపోవాలి, అందుకని మామూలు ఇంటికంటే ఎక్కువ రోజులు అడగండి. ఖాళీ భూమికి ఇంటి లోను లాంటి తక్కువ డౌన్ పేమెంట్ దొరకదు, బ్యాంకుతో ముందే మాట్లాడి ఉంచండి. క్లోజింగ్ అయ్యాక లైసెన్స్ అడ్రసు మార్చి హోమ్‌స్టెడ్ అర్జీ, ఏప్రిల్ 30 లోపు మీ పేరున యాగ్ అర్జీ పెట్టేయండి. అర్జీతో పాటు మేత కోతల రసీదులు, తేనెపెట్టెల ఫోటోలు తేదీలతో సహా జత చేస్తే అప్రైజల్ ఆఫీసు నుంచి తిరుగు ప్రశ్నలు తగ్గుతాయి.